సందుచుక్కల ఆకుతోట

ముందు ఎక్కడ కూర్చోవాలో చెబుతాను. మడికి పడమటి వైపున, తూర్పు ముఖంగా, వీలైనంత కిందికి. పీట ఉంటే వేసుకోండి, లేకపోతే గచ్చు మీదే చతికిలబడండి. నెల ధనుర్మాసం, వేళ పొద్దు పొడిచిన గంటలోపు. పిట్టగోడ దాటి ఏటవాలు ఎండ దిగి, ఆకుల వెనక నుంచి మీ కళ్లలోకి రావాలి. ఎండకి వీపు పెట్టి, నిలబడి పైనుంచి చూసేవాడికి ఎర్ర లెట్యూస్ నల్లగా, మొద్దుగా, మసిబారి కనిపిస్తుంది. ఓహో, ఇదేనా అనుకుని కాఫీకి వెళ్లిపోతాడు. కూర్చున్నవాడికి అదే ఆకు వెలుగుతుంది! అంచున దానిమ్మ గింజ ఎరుపు. కాస్త లోపలికి వస్తే రాగి. నడుమ, ఎరుపూ పచ్చా ఒకదానికొకటి లొంగని చోట, పేరు పెట్టలేని ఒక కంచు ఛాయ. ఈనె దగ్గర మీగడ తెలుపు. అరచేయంత ఆకులో ఇన్ని మెట్లు దిగే రంగు! అదీ అరగంట సేపే. ఎండ నిటారయ్యేసరికి ఆకు మళ్లీ మామూలు ఆకు, మీరు మళ్లీ ఆఫీసుకి వేళయిన మనిషి.

మన వంటింటికి లెట్యూస్ ఆలస్యంగా వచ్చింది. వచ్చింది కూడా సరైన దారిన రాలేదు. శాండ్‌విచ్ మధ్య నలిగి, బర్గర్ కింద చెమర్చి, పెళ్లి విందుల్లో సలాడ్ బల్ల మీద కీరా ముక్కల కింద వాడిపోయి వచ్చింది. ఆ ముఖం చూసి దాన్ని అంచనా వేయడం అన్యాయం. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ చుట్టి అమ్మే ఐస్‌బర్గ్ గడ్డ తెల్లగా, చల్లగా, ఉత్త నీళ్లగా ఉండి జాతి మొత్తానికీ చెడ్డపేరు తెచ్చింది. నేను మాట్లాడేది దాని గురించి కాదు. గడ్డ కట్టకుండా విప్పారే రకాల గురించి. పెరట్లోనో మిద్దె మీదో, ఒక చిటికెడు గింజలతో, వంకాయ పాదుల మధ్యా కొత్తిమీర మడి అంచునా, తినడం కన్నా ముందు చూడ్డానికని పెంచే రంగురంగుల లెట్యూస్ గురించి. "ఇదేం కూర నాయనా, పప్పులోకి పనికొస్తుందా?" అని పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి అడుగుతారు. పనికిరాదు పిన్నిగారూ. ఉడికితే ఎరుపంతా నీళ్లలోకి జారిపోయి ఆకు బురదరంగు తేలుతుంది. ఆ మాట విన్న క్షణం నుంచీ ఆవిడ దృష్టిలో అది కలుపు మొక్క. నా దృష్టిలో, పప్పు కుక్కర్‌ని తప్పించుకుని తెలుగువాడి పెరట్లో తలెత్తుకు నిలబడ్డ అరుదైన ఆకుకూర!

ఒక్కొక్కటినీ దగ్గరికి వెళ్లి చూద్దాం రండి. లొల్లో రొస్సా ఇటలీది. దాని సర్వస్వం అంచే. మొదట్లో లేతపచ్చగా బయల్దేరి, పైకి వచ్చేకొద్దీ కుచ్చు మీద కుచ్చు, కుచ్చులో మళ్లీ కుచ్చు, చివరికి ఆకు ఎక్కడ ముగిసిందో తెలియని ముదురు కెంపు నురగ. నోట్లో వేసుకుంటే కాస్త చేదు, కాస్త మొరటు. రుచి కోసం దాన్ని పెంచేవాళ్లున్నారంటే నాకు అనుమానమే. అయినా మడిలో మొదటి చోటు దానిదే; ఇంత అల్లరి అంచున్న ఆకు మరొకటి చూపించండి, దీన్ని అక్కణ్ణించి లేపేస్తాను! ఓక్‌లీఫ్ దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. పలచన, మెత్తన, నిదానం. వేళ్లు విప్పిన ఆకు, ఆ వేళ్ల సందుల్లోంచి కింది ఆకు, దాని సందుల్లోంచి నేల. ఎంత దట్టంగా పెరిగినా ఊపిరి ఆడుతున్న మొక్క. అందులో పచ్చది, సలాడ్ బౌల్ అనే రకం, 1952లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ గౌరవం పొందింది. ఎర్ర ఓక్‌లీఫ్‌ని దాని పక్కన కూర్చోబెడితే ఆకారం ఒక్కటే, రాగం మారిపోతుంది. రెడ్ సెయిల్స్ 1985లో అదే గౌరవం అందుకున్న రకం: వెడల్పాటి, ముడతల ముడతల కంచు ఆకు, నిండుగా, ధీమాగా పరుచుకుంటుంది. చోటు చాలదని మొహమాటపడే గుణం దానికి లేదు.

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి రకం మార్వెల్ ఆఫ్ ఫోర్ సీజన్స్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. బయటి ఆకులు నేలకి ఆనుకుని రాగి పళ్లెం పరుస్తాయి; లోపలి ఆకులు ఒకదాని మీదొకటి వదులుగా ఒరిగి, అంచున మాత్రమే ఎరుపు తాకి, గుండె దగ్గరికి వచ్చేసరికి వెన్నపసుపు. వేలితో తాకితే ఆ పసుపు భాగం నూనె రాసిన నునుపు. బయటి ఆకు గరుకు, లోపలి ఆకు నునుపు. బయట రాగి, లోపల వెన్న. ఒక్క మొక్కలో రెండు స్పర్శలు, రెండు వయసులు! ఇక ఫోరెలెన్‌ష్లుస్. పేరు పలకడానికి పళ్లు సర్దుకోవాలి గానీ ఆస్ట్రియా దేశవాళీ రకాల్లో దీని అందం దీనిదే. నిటారుగా నిలిచే చిలకపచ్చ ఆకు, దాని మీద ముదురు మెరూన్ చుక్కలు. చుక్క నడిమి భాగం గాఢం, అంచులు పచ్చలోకి కరిగి మసక. ఏ రెండు ఆకుల మీదా ఒకే వరస ఉండదు. ఎరుపంతా ఆకుని కమ్మేస్తే అది వైభవం. ఇలా అక్కడక్కడా చిలికితే అది చమత్కారం. చివరికి బ్లాక్ సీడెడ్ సింప్సన్, పాతకాలపు అమెరికన్ రకం, ఒళ్లంతా లేత నిమ్మపచ్చ. విడిగా చూస్తే చప్పగా ఉందంటారు. కంగారు పడకండి, దాని వేషం ఇంకా ముందుంది.

ఈ ఎరుపు గింజలోనే తయారై వచ్చేది కాదు. గింజ ఇచ్చేది అర్హత. ఎరుపుని రాసేది ఆకాశం. నమ్మకపోతే రెడ్ సెయిల్స్ మొక్క దగ్గర వంగి, మీది ఆకు ఒకదాన్ని రెండు వేళ్లతో మెల్లగా పైకెత్తి, కింది ఆకుని చూడండి. మీది ఆకు కప్పినంత మేరా కింది ఆకు పచ్చగానే ఉంటుంది. మీది ఆకు ఒంపులు, గంట్లు, ఒక చోట పురుగు కొరికిన వంక కూడా, ఆ పచ్చదనపు సరిహద్దులో అచ్చుపడి ఉంటాయి. ఎండ తగిలిన చోట ఎరుపు, తగలని చోట పచ్చ. ఒక ఆకు నీడని మరో ఆకు రంగుల్లో రాసి దాచుకుంది! తొలిసారి చూసినవాళ్లు ఆ ఆకుని దించడం మరిచిపోయి అలాగే పట్టుకుని ఉండిపోతారు. మొక్క గుండె పసుపుగా ఉండడానికి కారణమూ ఇదే. నాలుగు పొరల లోపలికి ఎండ చేరదు. చల్లటి రాత్రి, నేరుగా పడే ఎండ, ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఇవి కలిసినప్పుడు ఆకు తన పైపొరల కణాల్లో యాంథోసయనిన్ అనే వర్ణద్రవ్యాన్ని నింపుకుంటుంది. తీవ్రమైన వెలుగు నుంచి తనని తాను కాచుకోవడానికి. అద్దాల కప్పు కింద పెంచితే ఎంత ఎర్రటి రకమైనా వెలవెలబోతుంది. షేడ్ నెట్ కింద పెంచి, గింజ కంపెనీని తిట్టేవాళ్లని చూస్తే నాకు జాలి. హైదరాబాదులో రాత్రి వేడి 15 డిగ్రీల కిందికి జారిన వారం రానివ్వండి: సోమవారం కంచు రంగున్న మడి ఆదివారానికి ద్రాక్షారసం తాగి కూర్చుంటుంది.

తెలుగు కవిత్వం శతాబ్దాలుగా మురిసిపోయిన మావిచిగురు ఎరుపు కూడా ఈ యాంథోసయనిన్ల ఇంటిదే. మామిడికి అది పసితనపు రంగు. ఆకు ముదిరితే మాయమై పచ్చన కమ్ముకుంటుంది. లెట్యూస్‌లో చాలా రకాలకి కథ తిరగబడింది: మొలకప్పుడు పచ్చన, ఈడొచ్చేకొద్దీ ఎరుపు. మామిడి చిగురు వసంతంలో చేసే పనిని ఈ ఆకు హేమంతంలో చేస్తుంది. కోయిల లేని లోటు ఒక్కటే.

సరే, అంత అందమైన ఎరుపు కదా అని మడంతా ఎరుపే నాటితే? ఏమీ మిగలదు. నాలుగడుగుల దూరం నుంచి అది తడిమట్టిలో కలిసిపోతుంది. ముదురెరుపు తనంతట తాను వెలగలేదు, వెలిగించే పొరుగు కావాలి. ఇప్పుడు పిలవండి, చప్పగా ఉందన్న ఆ సింప్సన్‌ని! లొల్లో రొస్సాకి రెండు వైపులా దాన్ని నాటి చూడండి. నిమ్మపచ్చ పక్కన కెంపు ఒక్కసారి లోతు పెరుగుతుంది. కెంపు పక్కన నిమ్మపచ్చ లోపల దీపం పెట్టుకుంటుంది. ఏ ఆకూ మారలేదు, మారింది పక్కన ఎవరున్నారన్నదే. పదకొండో శతాబ్దపు కాశ్మీరంలో క్షేమేంద్రుడు 'ఔచిత్య విచార చర్చ' రాసి, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ ఉండటమే కావ్యానికి ప్రాణమని వాదించాడు. అలంకారం ఎంత గొప్పదైనా చోటు తప్పితే నవ్వులపాలేనన్నాడు. కావ్యాల్లో ఈ మాట నిరూపించడానికి ఆయన ఎన్నో శ్లోకాలు విప్పి చూపించవలసి వచ్చింది. ఈ మడిలో రెండు మొక్కలు చాలు.

పొరుగు విషయంలో నాకు కొన్ని మొండి అభిప్రాయాలున్నాయి. ఉల్లికాడలు తప్పనిసరి: ఆ నీలిపచ్చ నిలువు గీతలు లేకపోతే లెట్యూస్ మడి మెత్తమెత్తగా ఒరిగిపోతుంది, వెన్నెముక ఉండదు. కొత్తిమీర ఒక మూలన, దాని చిల్లుల నీడ కోసం. బంతిపూలు మాత్రం దూరంగా ఉంచండి. వాటి నారింజ గొంతు ముందు ఆకు మాట వినపడదు. పండగకి గుమ్మానికి కట్టుకుందాం, మడిలోకి వద్దు. మరి మన ఎర్ర తోటకూర, బీట్‌రూట్ ఆకు? ఇక్కడ కాస్త జాగ్రత్త. అవీ ఎరుపే గానీ వంశం వేరు. వాటి ఎరుపు బీటలేన్ల నుంచి వస్తుంది. బీటలేన్లు, యాంథోసయనిన్లు ఒకే మొక్కలో కలిసి ఉండటం ప్రకృతిలో కనిపించదు. రసాయనం తెలియకపోయినా కంటికి తేడా తెలుస్తుంది. తోటకూర ఎరుపు గులాబీ వైపు మొగ్గే రాణీరంగు, లెట్యూస్ ఎరుపు గోధుమ వైపు ఒరిగే ద్రాక్షరంగు. రెండింటినీ భుజం భుజం ఆనించి నాటితే రెండూ వెలిసిపోయినట్టుంటాయి. మధ్యన ఒక బారు కొత్తిమీరో, మెంతో, సింప్సనో పోయండి. అంతే, సంధి కుదురుతుంది! ఎర్ర గోంగూర కాడల దగ్గర మాత్రం ఈ పేచీ లేదు. అది యాంథోసయనిన్ల పక్షమే, లెట్యూస్‌తో ఇట్టే కలిసిపోతుంది. మడి వెనక వరసలో రెండు ఎర్ర గోంగూర మొక్కలు నిలబెట్టి, ముందు రాగి ఆకు పరిచి, మధ్యన నిమ్మపచ్చ గీత గీస్తే, ఆ కూర్పు ముందు నేను ఏ పూలమడినీ నిలబెట్టను.

నాటే పద్ధతి ముగ్గులో ఉంది. తెలుగు ఆడవాళ్లకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు: సరిచుక్క పెడితే గళ్లు వస్తాయి, సందుచుక్క పెడితే అల్లిక వస్తుంది. నారుని సరిచుక్కల్లో నాటితే నాలుగు మొక్కల మధ్యా ఎప్పటికీ నిండని ఒక మట్టి గుంట మిగిలిపోతుంది. సందుచుక్కల్లో, ఒక వరస ఖాళీకి ఎదురుగా రెండో వరస మొక్క వచ్చేలా, జానెడు ఎడంతో నాటండి. కొద్ది వారాల్లో అంచులు ఒకదాన్నొకటి వెతుక్కుని, తాకి, కలిసి, నేల కనిపించకుండా పోతుంది. ధనుర్మాసంలో కింద వాకిట్లో ముగ్గు, పైన మిద్దె మీద ఈ ముగ్గు; రెండింటికీ ఒకటే చలి, ఒకటే పొద్దు. చెరిగిపోవడానికే వేసేవి రెండూనూ. వాకిట్లో ముగ్గుని అడుగులు చెరుపుతాయి, ఇక్కడ కత్తెర.

ఆ కత్తెర దగ్గరే చాలామంది చేయి వణుకుతుంది. ఇంత అందంగా కుదిరిన వరసని ఎలా తెంపడం అని వాయిదా వేస్తారు. వేసినకొద్దీ ఆకు ముదిరి, చేదెక్కి, అందమూ పోతుంది, తిండీ పోతుంది. కోత ఈ కళకి శత్రువు కాదు, దాని తర్వాతి ఘట్టం. బయటి ఆకులు రెండు మూడు గిల్లితే మొక్క అలాగే నిలుస్తుంది, లోపలి నుంచి కొత్త ఆకు బయటికి నడుస్తుంది, ఎండ తగిలి రంగు పోసుకుంటుంది. లేదా సందుచుక్కల్లో ఒకటి విడిచి ఒకటి మొక్కనే కోసేయండి. అల్లిక విడిపోయి గళ్లు వస్తాయి. ఇరుకు తీరిన మొక్కలు మరింత విప్పారి కొత్త బొమ్మ గీస్తాయి. నేలకి అంగుళం పైన కోస్తే ఆ మోడు మీదే మళ్లీ చిగుళ్లు. కోసిన చోట పాలు ఉబుకుతాయి, తెల్లగా, చిక్కగా, ఒక్క బొట్టు. ఒక క్షణం ముత్యం. గాలి తగిలి చూస్తుండగానే గోధుమరంగు మచ్చ. ఒక బొమ్మ చెరిగి మరో బొమ్మ మొదలయ్యే గుర్తు అది. చిత్రకారుడికి ఈ భాగ్యం ఎక్కడిది? చెరిపిన ప్రతిసారీ బొమ్మ తనంతట తాను మళ్లీ వేసుకోవడం!

కూరల మడిని కళ్లకి పండగ చేసిన ఘనులు వేరే దేశాల్లో ఉన్నారు. అందరికన్నా పైన విలాండ్రీ. ఫ్రాన్సులో లుయార్ నదీలోయలో పదహారో శతాబ్దపు కోట. 1906లో దాన్ని జొయాకిమ్ కార్వాలో, యాన్ కోల్‌మన్ దంపతులు కొన్నారు. ఆయన స్పెయిన్‌లో పుట్టిన వైద్య పరిశోధకుడు, ఆవిడ అమెరికా అమ్మాయి. అప్పటికి పాత తోట ఆనవాళ్లు పోయి, కోట చుట్టూ ఇంగ్లీషు పద్ధతి పార్కు పరుచుకుని ఉంది. కార్వాలో పరిశోధనశాలని వదిలేసి, పార్కుని తీసేసి, పాత పటాలు, పాత పుస్తకాలు ముందేసుకుని, పునరుజ్జీవన కాలపు తోటని మళ్లీ నిలబెట్టాడు. అందులో కూరల తోట ఒక్కటే హెక్టారుకి పైగా ఉంటుంది. సమానమైన తొమ్మిది చదరాలు, ఏ చదరంలోనూ మరోదాని నమూనా లేదు. పొట్టి పొదల గట్లు గీతలైతే ఆ గీతల మధ్య నింపిన రంగులు కూరగాయలు: లీక్ ఉల్లి నీలం, క్యారెట్ ఆకు మరకతం, ఎర్ర క్యాబేజీ ఊదా, లెట్యూస్ పచ్చా కెంపూ. ఏడాదికి రెండు నాట్లు, వసంతానికొకటి, వేసవికొకటి. ఏ చదరంలో ఏ కుటుంబపు కూర వస్తుందో ప్రతిసారీ మారుతుంది, నేల అలసిపోకుండా. అంటే ఏ ఏటి బొమ్మ ఆ ఏటిదే. చదరాల మధ్య నిలబెట్టిన గులాబీ మొక్కలు, మఠాల్లో కూరలు పండించిన పాతకాలపు సన్యాసులకి సంకేతమట. క్యాబేజీ చుట్టూ గులాబీలు! కూరని అంతఃపురంలో కూర్చోబెట్టిన సాహసం!

అయినా ఒక మాట. విలాండ్రీని మేడ మీంచి చూడాలి. అది దూరం నుంచి చదవవలసిన గ్రంథం, అక్షరాలు అంత పెద్దవి. అక్కడ ఆకు గీతకి ఊడిగం చేస్తుంది. ఒక్క లెట్యూస్ పక్కకి ఒరిగినా అపస్వరం. నేను చెబుతున్న మడి పీట మీంచి చూసేది. ఇక్కడ గీత ఆకుకి ఊడిగం చేయాలి, కాస్త ఒరిగితేనే ముద్దు. ఆ రాజసాన్ని ఇంటి కొలతకి దించిన గౌరవం ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్‌కి చెందిన రోజ్‌మేరీ వెరీది. విలాండ్రీని చూసి, విలియమ్ లాసన్ పదిహేడో శతాబ్దంలో గృహిణుల కోసం రాసిన తోట పుస్తకాన్ని చదివి, తన బార్న్స్‌లీ హౌస్ పెరట్లో ఇటుకల బాటల మధ్య చిన్న చిన్న మడులుగా కూరల తోట అల్లింది. ఆ బాటల ఇటుక ఎరుపు కూడా కూర్పులో భాగమే. మన మిద్దె మీద ఆ ఇటుక పని చేయడానికి గచ్చు ఉంది, మట్టి కుండీల కావిరంగు ఉంది. నల్లటి గ్రో బ్యాగ్‌ల గురించి అడక్కండి. వాటిలో ఏ రంగూ ఎక్కిరాదు. పచ్చవి ఇంకా అన్యాయం.

గింజ సంగతి నాలుగు మాటల్లో ముగిద్దామనుకున్నాను గానీ దాని రసికత నన్ను వదలదు. చాలా లెట్యూస్ గింజలకి మొలకెత్తడానికి తడి చాలదు, వెలుతురు కావాలి. లోతుగా పాతితే పలకవు. మట్టి మీద చల్లి, పైన వర్మీ కంపోస్ట్ పలచగా రాల్చితే చాలు. 1952లో అమెరికా వ్యవసాయ శాఖ బెల్ట్స్‌విల్ ప్రయోగశాలలో హ్యారీ బోర్త్‌విక్, స్టెర్లింగ్ హెండ్రిక్స్, వాళ్ల సహచరులు గ్రాండ్ రాపిడ్స్ అనే రకం గింజల మీద ఎర్ర కాంతి పంపారు, మొలిచాయి. దాని వెంటనే ఎరుపుకి ఆవలి అంచున ఉండే ఫార్-రెడ్ కాంతి పంపారు, మొలవడం మానేశాయి. మళ్లీ ఎరుపు, మళ్లీ మొలక. ఎన్నిసార్లు మార్చి మార్చి పంపినా, చివరికి పడిన కాంతి ఏదో దాని మాటే గింజ వింది! మొక్కలు వెలుతురుని గుర్తుపట్టే ఫైటోక్రోమ్ అనే పదార్థం జాడ ఆ గింజల దగ్గరే దొరికింది. ముందు గింజ ఎరుపుని వినాలి, తర్వాత ఆకు ఎరుపుని పాడాలి. అన్నట్టు, 2015 ఆగస్టు 10న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో స్కాట్ కెల్లీ, చెల్ లిండ్‌గ్రెన్, కిమియా యుయి కోసుకుని తిన్నది కూడా ఎర్ర లెట్యూసే, ఔట్‌రెడ్జియస్ అనే రకం. ఆకాశం రాయవలసిన ఎరుపుని అక్కడ ఎల్‌ఈడీ దీపాలు రాశాయి. అంత దూరం పోయి కూడా వాళ్లు ఆలివ్ నూనె, బాల్సమిక్ వెనిగర్ కలుపుకునే తిన్నారు. రుచి తెలిసినవాళ్లు.

మన ఇంట్లో ఆ వెనిగర్ పని నిమ్మకాయ చేస్తుంది, పైగా కంటికి ఒక విందు అదనం. ఎర్ర ఆకుని కత్తితో కాదు, చేత్తో చించండి. వెడల్పాటి తెల్ల పళ్లెంలో వదులుగా పరవండి. నిమ్మరసం పిండిన చోట, చిరిగిన అంచుల వెంట ఎరుపు ఒక్కసారి విచ్చుకుని గులాబీ అవుతుంది. పులుపు తగిలితే యాంథోసయనిన్ తీరే అంత. వేయించిన వేరుసెనగపప్పు కచ్చాపచ్చాగా దంచి చల్లండి, రాళ్ల ఉప్పు నలిపి వేయండి, ఆగిపోండి. దానిమ్మ గింజలు కావాలని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. నాకు ఇష్టం లేదు, ఎరుపు మీద ఎరుపు దండగ. ఓక్‌లీఫ్ నాలుక మీద కరిగిపోతుంది. ఫోరెలెన్‌ష్లుస్ ఈనె కరకరమని ఒక్క తీపి బొట్టు వదులుతుంది. లొల్లో రొస్సా తన చేదుతో, మొరటుతనంతో చివరిదాకా మాట్లాడుతూనే ఉంటుంది. ఆ చేదు లేకపోతే తక్కిన తీపి ఎవరికి తెలుస్తుంది! పళ్లెంలో దాని వాటా పదింట ఒకటి దాటనివ్వకండి.

శివరాత్రి దాటి ఎండ ముదిరి, పగలు సాగాక, మొక్క ఒక్కసారి మనసు మార్చుకుంటుంది. నేలకి పరుచుకున్న ఆకుల మధ్య నుంచి కాండం లేస్తుంది, రోజు రోజుకీ, ఆపలేని పంతంతో. ఆకు చేదెక్కిపోయింది కదా, ఇక ఎందుకని తోటవాళ్లు పీకి కంపోస్ట్‌లో పడేస్తారు. పీకకండి! లొల్లో రొస్సా లేవడం చూశారా? అంతస్తు మీద అంతస్తుగా కుచ్చులు, ఒక్కో అంతస్తూ కింది దానికన్నా చిన్నది, కింద ద్రాక్షనలుపు నుంచి కొసన లేత కంచు దాకా, నడుమెత్తు ఎర్రటి గోపురం. మడిలో అప్పటిదాకా అడ్డంగా సాగిన సంగీతం ఇప్పుడు నిలువుగా లేచింది! ఈ నిలువు రూపాన్ని మెచ్చినవాళ్లు మనకన్నా ముందున్నారు. ఈజిప్టులో కర్నాక్ దగ్గర, సుమారు 3,900 ఏళ్ల కిందట మొదటి సెనుస్రెత్ కట్టించిన శ్వేత మందిరం గోడల మీద, మిన్ దేవుడి వెనక చెక్కిన లెట్యూస్‌లు గడ్డకట్టినవి కావు, పరుచుకున్నవి కావు; సన్నగా, పొడుగ్గా, నిటారుగా లేచినవి. సంతానానికి, సారవంతమైన నేలకి దేవుడతను. కోస్తే పాలు కారే ఈ మొక్క అతనికి ప్రీతి. మనవాళ్లు చెడిపోయిందని పీకేసే దశని వాళ్లు సున్నపురాతిలో నిలిపారు.

గోపురం కొసన కొమ్మలు చీలి, చిన్న చిన్న పసుపు పూలు పూస్తాయి. ఒక్కో పువ్వు ఒక్క పూట, అదీ పొద్దున కొద్ది గంటలే. పెద్ద అందమేమీ కాదు, పువ్వుల్లో చాలా మామూలు పువ్వు. ఆకుల్లో అంత ఖర్చు పెట్టేశాక ఇంకేం మిగులుతుంది. కానీ ఎక్కువగా తన పుప్పొడితోనే తాను కాయకట్టే మొక్క కాబట్టి, లొల్లో రొస్సా పక్కనే సింప్సన్ పూసినా గింజ దాదాపు తల్లి పోలికే వస్తుంది. పూలు వాడి, తెల్లటి నూగు తొంగిచూడగానే కొమ్మలకి కాగితం సంచి తొడిగి దారంతో కట్టండి, లేకపోతే గాలి పట్టుకుపోతుంది. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టి బూజొస్తుంది. సంచి మీద రకం పేరు రాయడం మరవకండి; గింజల్లో నలుపూ తెలుపే తప్ప కెంపేదో కంచేదో చెప్పే గుర్తు ఉండదు.